డిజైన్ ఫైళ్లకు సరైన సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం ఎలా?

ఎయిర్‌బస్ తయారుచేసిన ఎ380 విమానం 2005 ఏప్రిల్ 27న ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో తొలిసారి ఎగిరింది. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు అందేసరికి 2007 అక్టోబరు వచ్చింది. అనుకున్నదాని కంటే ఏడాదికి పైగా ఆలస్యం. కారణం ఇంజిన్ కాదు, రెక్కలు కాదు. ఒక్కో విమానంలో 500 కిలోమీటర్లకు పైగా ఉండే విద్యుత్ తీగల కట్టలు అమర్చాల్సిన చోట సరిగా ఇమడలేదు. జర్మనీలోని హాంబర్గ్ బృందం కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్‌ను, తులూజ్ బృందం ఐదో వెర్షన్‌ను వాడటం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఒకచోట చేసిన మార్పులు రెండోచోటికి సరిగా చేరలేదు.

ఐదుగురే ఉన్న బృందానికీ ఈ చిక్కు తప్పదు.

మామూలు ఫోల్డర్ ఎందుకు చాలదు?

ఒక నీటి పంపును తీసుకుందాం. షాఫ్టుకు ఒక ఫైలు, ఇంపెల్లర్‌కు ఒకటి, కేసింగ్‌కు మరొకటి ఉంటాయి. వీటన్నిటినీ కలిపి చూపే అసెంబ్లీ ఫైలులో సాధారణంగా ఆ భాగాలు ఉండవు. అవి ఎక్కడున్నాయో తెలిపే లంకెలే ఉంటాయి. ఎవరైనా ఒక ఫైలు పేరు మారిస్తే లంకె తెగిపోతుంది. ఇద్దరు ఒకే ఫైలును ఒకేసారి మారిస్తే, చివర సేవ్ చేసినవారి పనే మిగులుతుంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘కొత్త ఫైనల్’ అన్న పేర్ల మధ్య పాత డ్రాయింగ్ వర్క్‌షాపుకు వెళ్లిపోతుంది. ఫైలును సరిదిద్దవచ్చు, కోసేసిన లోహాన్ని మళ్లీ అతికించలేం.

డిజైన్ డేటా నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఈ లంకెలను కాపాడుతుంది. ఒకరు మార్పులు చేస్తున్నంతసేపూ ఆ ఫైలు ఇతరులకు చూడటానికి మాత్రమే తెరుచుకుంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో నమోదవుతుంది.

ఎంచుకునే ముందు అడగాల్సినవి

• మన బృందం వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో, దాని వెర్షన్‌తో నేరుగా పనిచేస్తుందా? ఒకటికి మించి వాడుతుంటే అన్నిటితోనూ కలుస్తుందా?
• ఒక బోల్టు మారిస్తే అది ఏయే అసెంబ్లీల్లో ఉందో చూపుతుందా?
• పెద్దల ఆమోదం లేని డ్రాయింగ్ వర్క్‌షాపుకు వెళ్లకుండా ఆపుతుందా?
• విడిభాగాల జాబితాను డిజైన్ నుంచే తయారుచేస్తుందా?
• రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాలంటే, పాత రివిజన్ల చరిత్రతో సహా మన డేటా బయటకు వస్తుందా?

చివరి ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. యంత్రాలు దశాబ్దాల పాటు పనిచేస్తాయి. సాఫ్ట్‌వేర్ అంతకాలం ఉంటుందన్న హామీ లేదు. అందుకే ఆమోదించిన ప్రతి నమూనాకూ ‘స్టెప్’ రూపంలో ఒక ప్రతి దాచడం మంచిది. ఐఎస్ఓ 10303 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఉండే ఈ ఫైళ్లను వేర్వేరు కంపెనీల సాఫ్ట్‌వేర్లు చదవగలవు. అయితే ఆకారం వచ్చినా, దాన్ని ఏ క్రమంలో గీశారన్న వివరం సాధారణంగా రాదు. కాబట్టి అసలు ఫైలునూ ఉంచుకోవాలి.

ప్రదర్శనలో చూపే నమూనా ఫైళ్లతో ఏ సాఫ్ట్‌వేరైనా బాగానే నడుస్తుంది. కొనేముందు మీ దగ్గరున్న వాటిలో అతి పెద్ద అసెంబ్లీని అందులో పెట్టి, ఇద్దరితో ఒకేసారి మార్పులు చేయించండి. ఒక భాగం పేరు మార్చండి. నెల కిందటి రివిజన్‌ను వెనక్కి తెప్పించండి. బ్యాకప్ నుంచి మొత్తం తిరిగి వస్తుందో లేదో చూడండి. ఈ పరీక్షకు ఒక వారం పట్టినా, ధరల పట్టిక చెప్పని సంగతులు తెలుస్తాయి.