వృద్ధుల గృహంలో మీ పెద్దవారి మందులు

అమ్మగారినో నాన్నగారినో వృద్ధుల గృహంలో చేర్పించేటప్పుడు గది, భోజనం, స్నానం గురించి మీరు తప్పక అడుగుతారు. రాత్రి మాత్ర ఎవరు ఇస్తారు, ఇచ్చినట్టు ఎక్కడ రాస్తారు అని అడిగేవారు తక్కువ.

మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఇంగ్లండులో ఆ పేరు నర్సులు ఉండి చూసుకునే వృద్ధుల గృహానిది. అక్కడ 55 వృద్ధుల గృహాల్లో 256 మంది మందులను పరిశీలించి, ఫలితాలను 2009లో ప్రచురించారు. ఒక్కొక్కరు సగటున 8 రకాల మందులు వాడుతున్నారు. ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురి విషయంలో ఏదో ఒక పొరపాటు కనిపించింది. చాలావాటి వల్ల పెద్ద హాని లేకపోయినా, కారణాలు ఆలోచింపజేస్తాయి. డాక్టరు రోగిని ఎరగకపోవడం, సిబ్బందికి పని ఎక్కువ, శిక్షణ తక్కువ, మందులు పంచే వేళ ఎవరో ఒకరు మధ్యలో పిలవడం. మనకూ తెలిసినవే కదా!

ఇప్పుడు అక్కడ చాలా గృహాల్లో మందుల బండి మీద టాబ్లెట్ ఉంటుంది. మాత్ర కాదు, పలక లాంటి కంప్యూటరు. అందులో వృద్ధుల ఫొటో, మందు పేరు, మోతాదు, వేళ కనిపిస్తాయి. మందు పెట్టె మీది గీతల గుర్తును చూపితే అది ఆ మనిషి మందో కాదో చెబుతుంది. ఒక పూట మందు ఇవ్వకపోతే హెచ్చరిస్తుంది. పారాసిటమాల్ ఇచ్చి నాలుగు గంటలు కాకుండా మళ్లీ ఇవ్వబోతే ఆపుతుంది.

అయితే యంత్రానికి తెలిసేది మనం చెప్పినంతే. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేస్తే రక్తకణాలు తగ్గిపోయి ప్రాణం మీదికి వస్తుంది. 'వారానికి ఒకసారి' అని సరిగా నమోదైతే మిగిలిన ఆరు రోజులు ఆ పేరు తెర మీదికి రాదు. పొరపాటున 'రోజూ' అని నమోదైతే, ఆ తప్పునే రోజూ గుర్తు చేయవచ్చు.

ఆసుపత్రి నుండి తిరిగి వచ్చిన రోజే ఎక్కువ జాగ్రత్త అవసరం. డాక్టరు ఒక మందు ఆపి ఉంటారు, మరొకటి మార్చి ఉంటారు. గృహంలో మాత్రం పాత జాబితానే ఉంటుంది. కాబట్టి డిశ్చార్జి కాగితాన్ని ఆ రోజే మీ చేతులతో నర్సుగారికి ఇవ్వండి. పుస్తకమైనా కంప్యూటరైనా, జాబితాను ఆ కాగితంతో పక్కపక్కన పెట్టి చదవమనండి. ఆపేసిన మందును మీ కళ్లెదుటే కొట్టివేయించండి, మిగిలిన మాత్రలను బండిలోనుండి తీయించండి.