జేబు కత్తి - పెద్దదా, చిన్నదా?

కొడవలి, మచ్చుకత్తి, పార మొదలగు పనిముట్లను మీరు ఆనాటి పనిని బట్టి ఇంటినుండి తీసికొని పోవుదురు. పని లేనినాడు అవి చూరుక్రిందనే ఉండును. కాని అవసరము ముందుగా చెప్పి రాదు. మేతకు కట్టిన దూడ తిరిగి తిరిగి పలుపు మెడకు బిగించుకొన్నచో, ముడి విప్పుచు కూర్చుండుటకు వ్యవధి ఉండదు. ఆ క్షణమున ఇంటివద్దనున్న మంచి మచ్చుకత్తికంటె, రొండిన దోపుకొన్న చిన్న మడత కత్తియే మేలు.

అయితే నిత్యము వెంట ఉంచుకొనుటకు పెద్ద కత్తి మంచిదా, చిన్న కత్తి మంచిదా?

మీ పనిని మీరే లెక్క చూచుకొనుడు

కొనుటకు ముందు ఒక వారము దినములు మీరు జేబు కత్తితో చేయదగిన పనులెన్ని వచ్చినవో గుర్తుంచుకొనుడు. ఎరువు సంచి కుట్టు కోయుట, పురికొస తెంచుట, డ్రిప్పు గొట్టము అతుకుటకు కొన కత్తిరించుట, టమాటా మొక్కలకు ఊతకర్రలు కట్టిన దారము కోయుట, మామిడికాయ తొడిమ కోయుట - ఇట్టివే ఎక్కువగా ఉండును. వీటిలో దేనికిని రెండున్నర మూడు అంగుళములకు, అనగా 6 నుండి 8 సెంటీమీటర్లకు మించిన అలుగు అక్కరలేదు.

నాలుగంగుళముల అలుగు గల పెద్ద మడత కత్తికి కూడ తగిన పనులు కలవు. గట్టి మోకును ఒక్క లాగుతో కోయవచ్చును. ఎర్రకుళ్ళు అనుమానము కలిగినపుడు చెరకు గడను నిలువున చీల్చి, లోపల ఎరుపును, నడుమ తెల్లని మచ్చలను చూచుటకు పెద్ద అలుగు అనుకూలము. పిడి పెద్దది గనుక పట్టు కూడ బాగుండును. కాని బరువెక్కువ. పంచెలో జారును, జేబును చింపును. నాలుగు దినములు మోసి, ఐదవ దినమున ఇంట వదలిపోవుదురు. వదలిపోయిన కత్తి ఎంత మంచిదైనను అవసరమునకు అక్కరకు రాదు.

కాబట్టి పెక్కుమందికి చిన్న కత్తి నిత్యము ఒంటిమీద, పెద్ద కత్తి పనిని బట్టి సంచిలో - ఇది సరియైన ఏర్పాటు. చెరకు రైతులు, పశువులను ఎక్కువగా పెంచువారు మాత్రము పెద్దదానిని ఎన్నుకొన్నను తప్పులేదు.

కొనునపుడు చూడవలసినవి

కత్తిని తెరచి అలుగును ప్రక్కలకు కదపి చూడుడు. ఊగిన యెడల వదలివేయుడు. తెరచిన అలుగు తిరిగి మూసికొనకుండ ఆపు గొళ్ళెము ఉన్నదేమో చూడుడు. గొళ్ళెము లేక కేవలము స్ప్రింగు బలముతో నిలుచు కత్తితో పొడుచుట, వీపుమీద నొక్కుట చేయరాదు. అలుగు వెనుకకు మడిగి వ్రేళ్ళను కోయును. పొలములో తగిలిన గాయమును సబ్బునీటితో కడిగి, ధనుర్వాతపు టీకా విషయమై వైద్యుని అడుగుడు.

సాధారణ ఉక్కు అలుగు సానరాతిమీద త్వరగా పదునెక్కును, కాని మామిడి సొనకు, నిమ్మ పులుపుకు తుప్పు పట్టును. స్టెయిన్‌లెస్ అలుగు తుప్పును తట్టుకొనును. ఏదైనను పని కాగానే తుడిచి, కీలులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయుడు. మొద్దు కత్తికి బలము ఎక్కువ పెట్టవలసివచ్చును. అది జారినపుడే చేయి తెగును.

అంటు కత్తి వేరు

జేబు కత్తితో అంట్లు కట్టరాదు. అంటు కత్తికి అలుగు ఒక ప్రక్కనే వాలుగా సానపట్టబడి, కోత చదునుగా వచ్చును. సంచులు కోసిన అలుగుతో బెరడు నలుగును, అంటు అతుకదు.

చీనీ, నిమ్మ రైతులు మరియొక సంగతి ముఖ్యముగా గమనింపవలెను. ఎక్సోకార్టిస్ అను తెగులు చెట్టునుండి చెట్టునకు కత్తి ద్వారా ప్రాకును. రంగపూర్ నిమ్మ మూలముపై కట్టిన చెట్లలో దీనివలన మూలపు బెరడు పగిలి, చెట్టు గిడసబారును. మొదట చెట్టు పైకి ఆరోగ్యముగనే కనిపించును గనుక ఏ కొమ్మనుండి తెగులు వచ్చినదో తెలియదు. స్పిరిటుతో తుడుచుట, మంటలో కాల్చుట దీనికి నమ్మదగిన ఉపాయములు కావు. 5 శాతము సోడియం హైపోక్లోరైటు గల బ్లీచింగు ద్రవమును ఒక పాలు తీసికొని, నాలుగు పాళ్ళ నీరు కలిపి, ఒక తల్లిచెట్టు పని ముగించి మరొక చెట్టునకు పోవు ప్రతిసారి అలుగును అందు ముంచవలెను. ద్రావణమును ఏ రోజుకారోజు క్రొత్తగా కలుపుడు. అది ఇనుమును తినివేయును గనుక, పని ముగియగానే మంచినీట కడిగి, తుడిచి, నూనె రాయుడు.

కత్తి పెట్టరాని చోట్లు

పాము కరచినచోట కత్తితో గాటు పెట్టుట ఇప్పటికిని కొన్ని ఊళ్ళలో కలదు. ఇది ప్రాణాపాయము. గాటుతో విషము బయటికి రాదు. రక్తపింజరి కరచినపుడు రక్తము గడ్డకట్టు గుణము చెడును. ఆ గాటునుండి కారు రక్తము ఆగదు. కోయకుడు, నోటితో పీల్చకుడు, త్రాడుతో బిగించి కట్టకుడు. కరచిన అవయవమును కదలనీయక, 108 కు ఫోను చేసి, పాము విషమునకు విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చుడు.

అట్లే కడుపుబ్బిన పశువు డొక్కలో జేబు కత్తి దించకుడు. ఆ పనికి పశువైద్యునివద్ద వేరే సాధనము కలదు. వెంటనే ఆయనను పిలువుడు.

చట్టము సంగతి

పెద్ద కత్తి కొనువారికి చట్టభయము కలుగుట సహజము. 1962 నాటి ఆయుధ నిబంధనలలోను, 2016 నిబంధనలలోను 9 అంగుళములకు మించిన పొడవు లేక 2 అంగుళములకు మించిన వెడల్పు గల అలుగుల ప్రస్తావన కలదు. ఇంటి పనికి, వ్యవసాయ పనికి చేసిన పనిముట్లు అందు చేరవు. అయినను పని చోటు వేరు, జనసమ్మర్దము వేరు. తిరుమలకు పోవునపుడు అలిపిరి వద్ద తనిఖీ జరుగును. రేణిగుంటలో విమానమెక్కువారు కత్తిని చేతిసంచిలో ఉంచుకొనరాదు. అట్టి ప్రయాణములకు కత్తిని ఇంటనే వదలుట మంచిది.

గ్రామ వ్యవసాయ, ఉద్యాన సహాయకులు తోటలను చూడబోవునపుడు శుభ్రమైన చిన్న కత్తిని వెంట ఉంచుకొని, ఒక చెట్టును కోసిన తరువాత దానిని శుద్ధి చేసి మరొక చెట్టును కోయు పద్ధతిని రైతులకు చేసి చూపవలెను. నోటితో చెప్పినదానికన్న కంట చూచినది బాగుగా నిలుచును.

నేటి సాయంత్రము మీ కత్తిని ఒకసారి తెరచి చూడుడు. కీలు ఊగుచున్నదా, పదును ఉన్నదా, తుప్పు పట్టినదా? దూడ మెడకు పలుపు బిగిసిననాడు ఈ ప్రశ్నలు వేసికొనుటకు సమయముండదు.