అక్వేరియం అడుగు మట్టి: ఒక్కసారిగా మారిస్తే చేపలకు ముప్పెందుకు?

మొక్కలు పెంచే అక్వేరియానికి రెండు మూడేళ్లు నిండేసరికి కొన్ని మార్పులు కనిపిస్తాయి. అడుగున పోసిన మట్టి గింజలు మెత్తబడి బురదగా మారతాయి. పొడవుగా పెరిగిన మొక్కలకు కింది ఆకులు రాలిపోయి బోసి కాడలు మిగులుతాయి. అద్దం పక్కన మట్టిలో నల్లటి మచ్చలు తేలతాయి. అప్పుడు చాలామంది ఒక సెలవు రోజు చూసుకుని తొట్టి మొత్తం ఖాళీ చేస్తారు. కొత్త మట్టి పోసి, మొక్కలు తిరిగి నాటి, చేపలను వదులుతారు. నీళ్లు అద్దంలా మెరుస్తుంటాయి. మూడు నాలుగు రోజులకు చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి, కొన్ని చనిపోతాయి. నీళ్లలో మురికి లేదు, ఒంటిపై జబ్బు గుర్తులూ లేవు. అసలు కారణం బయట పారబోసిన పాత మట్టిలో ఉంది.

మట్టిలో జరుగుతున్న పని

చేపలు శరీరంలోని నత్రజని వ్యర్థాన్ని ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో వదులుతాయి. మిగిలిపోయిన మేత, కుళ్లిన ఆకులు దానికి తోడవుతాయి. అమ్మోనియా చేపలకు విషం. దాన్ని కొన్ని సూక్ష్మజీవులు ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా ప్రమాదమే, ఎందుకంటే అది రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని దెబ్బతీస్తుంది. నైట్రేట్ హాని చాలా తక్కువ, పైగా మొక్కలకు అది ఎరువు.

ఈ రెండు మెట్లకూ వేర్వేరు సూక్ష్మజీవులు కావాలని శాస్త్రవేత్తలు వందేళ్లకు పైగా భావించారు. రెండు పనులనూ ఒక్కటే చేసే నైట్రోస్పైరా బ్యాక్టీరియాలను 2015లో రెండు పరిశోధక బృందాలు ప్రకటించాయి. వాటిలో ఒక బృందానికి అవి దొరికింది చేపల పెంపక వ్యవస్థలోని ఫిల్టరు నుంచే.

ఈ సూక్ష్మజీవులు నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ. ఫిల్టరు స్పాంజికి, రాళ్లకు, మట్టి గింజలకు పలుచని పొరగా అంటుకుని బతుకుతాయి. వాటి పెరుగుదల చాలా నెమ్మది. మన పేగుల్లోని ఈ.కొలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకు రెట్టింపవుతుంది, వీటికి అనేక గంటలు, కొన్నిసార్లు రోజుకు పైగా పడుతుంది. అందుకే పోయిన దళం మళ్లీ కుదురుకోవడానికి వారాలు కావాలి.

మట్టి మొత్తం ఒకేసారి మారిస్తే మూడు దెబ్బలు కలిసి తగులుతాయి. అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవుల్లో పెద్ద భాగం పోతుంది. నీటి నుంచి నేరుగా అమ్మోనియం పీల్చుకునే మొక్కలు వేళ్లు తెగి కొన్నాళ్లు పని మానేస్తాయి. కదిలిన పాత బురద, పోషకాలు నింపిన కొత్త మట్టి రెండూ మరింత అమ్మోనియాను నీటిలోకి వదులుతాయి.

నల్ల మచ్చలు ఎందుకు?

నీటిలో ఆక్సిజన్ గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. పైగా దూరం రెట్టింపైతే పట్టే సమయం నాలుగు రెట్లవుతుంది. కదలని నీటిలో 1 మి.మీ. దూరానికి సుమారు 4 నిమిషాలు, 1 సెం.మీ.కు 7 గంటలు, 5 సెం.మీ.కు దాదాపు వారం పడుతుంది. మట్టి రేణువుల మధ్య ఇంకా ఆలస్యం. ఈలోగా పై పొరలోని సూక్ష్మజీవులే ఆక్సిజన్‌ను వాడేస్తాయి. కాబట్టి కింది పొరల్లో ఆక్సిజన్ ఉండదు. అక్కడి బ్యాక్టీరియాలు సల్ఫేట్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తయారుచేస్తాయి. అది ఇనుముతో కలిస్తే మట్టి నల్లబడుతుంది. కదిపినప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వచ్చేది ఆ వాయువు వల్లే.

ఈ చీకటి పొరలోకి ఆక్సిజన్‌ను తీసుకెళ్లేవి వేళ్లు. నీళ్లు నిలిచిన మడిలోంచి వరి దుబ్బు పీకి వేళ్లు కడిగి చూడండి, తుప్పు రంగు పూత కనిపిస్తుంది. కాడలోని గాలి గొట్టాల గుండా దిగిన ఆక్సిజన్ వేళ్ల నుంచి బయటికి వచ్చి, మట్టిలోని ఇనుమును తుప్పు పట్టించిన గుర్తు అది. తొట్టిలోని వాలిస్నేరియా వేళ్లు కూడా ఇలాగే ఆక్సిజన్ వదులుతాయి. మొక్కలన్నీ ఒకేసారి పీకేస్తే మట్టికి ఊపిరి అందించే దారులు మూసుకుపోతాయి.

నీరు, మట్టి ఊరిని బట్టి

ఇదే పొరపాటు అన్ని ఊళ్లలో ఒకే ఫలితం ఇవ్వదు. ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న పారిశ్రామిక పట్టణం బీర్‌గావ్‌ను చూద్దాం. ఆ ప్రాంతం కింద మన పల్నాడు, తాండూరుల్లాగే సున్నపురాయి ఉంది. సున్నపురాయి గుండా ఊరిన బోరు నీటిలో కాల్షియం, బైకార్బనేట్ ఎక్కువగా ఉంటాయి, పీహెచ్ 7 దాటడం సహజం. ఇక్కడే అమ్మోనియా లెక్క మారుతుంది. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది: విషం తక్కువైన అమ్మోనియం, మొప్పల్లోంచి సులువుగా లోపలికి దూరే అమ్మోనియా. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ 7 అయితే విష రూపం 0.6 శాతం, పీహెచ్ 8 అయితే 5 శాతానికి పైనే. అదే పీహెచ్ 8 నీరు 30 డిగ్రీలకు వేడెక్కితే 7 శాతం దాటుతుంది. అంటే బోరు నీళ్ల తొట్టిలో ఎండాకాలం మట్టి మార్చడం అన్నిటికంటే ప్రమాదకరం.

ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను పేర్లతో గుర్తుపడతారు. కన్హార్ అంటే మన నల్లరేగడి లాంటి బంకమట్టి, మటాసి పసుపు చాయ మట్టి, భాటా గరప నేల. కన్హార్ పోషకాలను బాగా పట్టి ఉంచుతుంది, కానీ అందులో సున్నపు గడ్డలు ఉండవచ్చు, నీళ్లూ త్వరగా తేటపడవు. తొట్టికి మటాసి లాంటి తేలిక మట్టి నయం. ఏ మట్టయినా ఇటీవల ఎరువు, పురుగుమందు పడనిదై ఉండాలి. ఫ్యాక్టరీల పక్కన, రోడ్డు అంచున తవ్వకపోవడం మంచిది. ఇసుక, గులకరాళ్లపై వెనిగర్ చుక్కలు వేసి చూడండి. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టు, అది పీహెచ్‌ను పెంచుతుంది.

మార్చే పద్ధతి

ముందుగా మార్చడం అవసరమా అని చూడాలి. పోషకాలు తగ్గడం ఒక్కటే సమస్య అయితే వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు గుచ్చితే చాలు. మట్టి బురదైపోయి, దుర్వాసన వస్తుంటేనే మార్చాలి.

తొట్టిని మూడు భాగాలుగా అనుకుని, రెండు మూడు వారాల ఎడంతో ఒక్కో భాగం మార్చండి. పని జరిగేటప్పుడు చేపలను పాత నీళ్లతోనే బకెట్‌లో ఉంచి, గాలి పంపు పెట్టండి. పాత మట్టిని కెలకకుండా సైఫన్ గొట్టంతో లాగేయాలి. కొత్త మట్టి 2, 3 సెం.మీ. పోసి, దానిపై అంతే మందాన ఇసుక కప్పాలి. అడుగున పళ్లెం పెట్టి దానిపై నెమ్మదిగా నీళ్లు పోస్తే మట్టి లేవదు. కుళాయి నీరైతే క్లోరిన్ తొలగించాకే వాడాలి. ఆ నెలలో ఫిల్టరు స్పాంజిని మార్చవద్దు, ఎండనివ్వవద్దు. మొదటి వారం రోజూ అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించి, అవి కనిపిస్తే పావు వంతు నీళ్లు మార్చి, మేత తగ్గించండి.

మొక్కల విషయానికి వస్తే, రొటాలా వంటి కాడ మొక్కల పై భాగాన్ని కత్తిరించి, కింది కణుపులు మట్టిలో ఉండేలా నాటాలి. వాలిస్నేరియా మొదలు పూర్తిగా పూడ్చకూడదు. అనూబియాస్ దుంపకాండాన్ని రాయికి కట్టాలి, పూడిస్తే కుళ్లుతుంది. క్రిప్టోకోరైన్ ఆకులు నాటిన కొద్ది రోజులకు కరిగిపోతే చచ్చిందని పీకేయకండి. వేరు గట్టిగా ఉంటే కొత్త ఆకులు వస్తాయి.

కత్తిరించిన ముక్కలను చెరువులోనో కాలువలోనో వేయవద్దు. అక్వేరియం వ్యాపారం ద్వారా 1950లలో అమెరికాలోని ఫ్లోరిడాకు చేరిన హైడ్రిల్లా అక్కడి జలాశయాలను కమ్మేసింది. చిన్న కాడ ముక్క నుంచి కూడా అది కొత్త మొక్కగా ఎదుగుతుంది. ముక్కలను ఎండబెట్టి కంపోస్టులో కలపండి. తీసిన పాత మట్టిని పూల కుండీలకు వాడుకోవచ్చు. చేపల వ్యర్థాలు చేరిన ఆ మట్టిలో మొక్కలకు కావలసిన పోషకాలు ఇంకా ఉంటాయి.