కొల్లేటి గట్టున కెమెరా కన్ను మూసిన వేళ...

మార్చి నెలాఖరు. పొద్దున్న పదిన్నర. కొల్లేటి పక్కన ఒక కాలవ గట్టు. ఒడ్డుకు లాగిన తాటిదోనె మీద కూర్చుని ఒక తాత మాట్లాడుతున్నాడు. చేపల చెరువుల కోసం తన వాటా భూమి లీజుకిచ్చి, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట ఆ చెరువు గట్లు కొట్టేశాక, అటు లీజు డబ్బూ ఇటు వేటా లేకుండా మిగిలిపోయిన మనిషి పాత్ర ఆయనది. కుర్రతనంలో పరిషత్తు నాటకాలాడిన గొంతు. నాలుగు నిమిషాల డైలాగు. ఒకటే షాటు. చివరి మాట దగ్గర తాత కళ్ళు చెమర్చాయి. గట్టు మీద నిలబడ్డ మాకూ చెమర్చాయి. దూరంగా గూడబాతు రెక్కలు కొట్టుకున్న చప్పుడు తప్ప అంతా నిశ్శబ్దం.

“కట్!” అని అరిచాడు మా మేనల్లుడు. “అదరగొట్టేశావు తాతా!”

కెమెరా దగ్గరికెళ్ళి చూస్తే ఏముంది? తెర నల్లగా ఉంది. పెట్టె ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. తాత కళ్ళు చెమర్చడానికి చాలా ముందే కెమెరా కన్ను మూసింది!

ఇంతకీ నేనెవరినో చెప్పలేదు కదూ? 1980లలో మద్రాసులో కెమెరా అసిస్టెంటుగా ఆరిఫ్లెక్స్ మోసిన భుజం నాది. తర్వాత ఏలూరు పవర్‌పేటలో స్టూడియో పెట్టుకుని, పెళ్ళిళ్ళు తీసి పిల్లల్ని చదివించుకున్నాను. మేనల్లుడిది తాడేపల్లిగూడెం. ఉద్యోగం చూసుకోరా అంటే సినిమా తీస్తానన్నాడు. మా అక్కయ్య గొలుసు తాకట్టు పెట్టి కెమెరా కొన్నాడు. ఆ గొలుసు సంగతి తెలిసినవాణ్ణి గనుకే, ఆ నల్లతెర చూడగానే నా గుండె జారిపోయింది.

ఇవాళ మా ఏలూరు నుంచి గూడెం దాకా ఏ వీధికెళ్ళినా స్టిల్ కెమెరాతో సినిమా తీసే కుర్రాడు ఒకడు తగులుతాడు. తీయాలి కూడా! అయితే ఆ కెమెరా ఏం చేయగలదో కొట్లోవాడు గంటసేపు చెబుతాడు. ఏం చేయలేదో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ రెండో సంగతి చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

ఫోటో కెమెరాకి సినిమా పిచ్చి!

ఈ కథ 2008లో మొదలైంది. ఆ ఆగస్టులో నికాన్ కంపెనీ డి 90 అనే కెమెరా ప్రకటించింది. వీడియో తీయగల మొట్టమొదటి డి.ఎస్.ఎల్.ఆర్. అదే. ఆ మరుసటి నెలలోనే కానన్ వారు 5డి మార్క్ 2 ప్రకటించారు. అసలు హడావుడి దీంతోనే! దాని సెన్సారు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. మేము సినిమాకి వాడిన 35 ఎం.ఎం. ఫిల్ములో ఒక ఫ్రేము కూడా అంత పెద్దది కాదు. అందుకే హీరోయిన్ మొహం స్పష్టంగా, వెనకాల లోకమంతా మంచులా కనిపించే ఆ ‘సినిమా లుక్కు’ పెళ్ళి ఫోటోగ్రాఫరు చేతికి దిగొచ్చింది.

మనవాళ్ళు ఊరుకుంటారా? 2011లో రాంగోపాల్ వర్మ ఇలాంటి స్టిల్ కెమెరాలతోనే రవితేజ, ఛార్మిలను పెట్టి ‘దొంగల ముఠా’ను ఐదు రోజుల్లో చుట్టేశారు. బొమ్మ ఎలా ఆడిందన్నది వేరే విషయం. దాన్ని చూసి మా స్టూడియోకొచ్చే కుర్రాళ్ళందరికీ “మనమూ తీయొచ్చు” అన్న ధైర్యం వచ్చింది చూశారూ, అదీ విశేషం!

అద్దం ఉన్నదీ, అద్దం లేనిదీ

డి.ఎస్.ఎల్.ఆర్.లో లెన్సు వెనకాల ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన బొమ్మను పైనున్న కంటిగూట్లోకి పంపుతుంది. ఫోటో తీసేటప్పుడు టక్కున పైకి లేచి దిగుతుంది. వీడియో తీస్తున్నంతసేపూ ఆ అద్దం లేచే ఉండాలి. అంటే కంటిగూడు చీకటి! వెనక తెర చూసుకుంటూ తీయాల్సిందే. కొల్లేటి ఎండలో ఆ తెర మీద బొమ్మ కనపడదు, మన మొహం కనిపిస్తుంది.

మిర్రర్‌లెస్‌లో ఆ అద్దమే లేదు. కంటిగూట్లో చిన్న ఎలక్ట్రానిక్ తెర ఉంటుంది గనుక వీడియో తీసేటప్పుడు కూడా కన్ను ఆనించి చూడొచ్చు. ఫోకస్ మనిషి కన్ను పట్టుకుని వదలదు. పాత డి.ఎస్.ఎల్.ఆర్.లు చాలావాటిలో ఫోకస్ ముందుకీ వెనక్కీ దారితప్పిన దోనెలా తచ్చాడుతుంది. అందుకే పెద్ద కంపెనీలు కొత్త డి.ఎస్.ఎల్.ఆర్.ల మీద దాదాపు ఆశ వదులుకున్నాయి. కానన్ 1డి ఎక్స్ మార్క్ 3, నికాన్ డి 6 – రెండూ 2020 నాటివి – ఆ వంశంలో చివరి పెద్దకొడుకులు.

అలాగని పాతదాన్ని పారేయకండి. సెకండ్ హ్యాండులో దొరికే డి.ఎస్.ఎల్.ఆర్.తో ఫోకస్ చేత్తో తిప్పుకుంటూ పని నేర్చుకున్నవాడు ఏ కెమెరాతోనైనా బతుకుతాడు.

పన్నెండు నిమిషాల రీలు

మా రోజుల్లో 400 అడుగుల రీలు నాలుగున్నర నిమిషాలు కూడా తిరిగేది కాదు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. తమాషా ఏమిటంటే, 5డి మార్క్ 2లో ఒక ఫైలు 4 జి.బి. దాటకూడదు గనుక అది కూడా సుమారు పన్నెండు నిమిషాలకే ఆగిపోయేది! ఫిల్ము పోయినా రీలు పోలేదన్నమాట.

తర్వాత చాలా కెమెరాలు 29 నిమిషాల 59 సెకండ్ల దగ్గర ఆగేవి. అది యంత్రం లోపం కాదండోయ్. అరగంట దాటి తీస్తే ఐరోపాలో దాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసేవారు! ఆ సుంకం పోయింది, చాలా కొత్త మోడళ్ళలో ఆ హద్దూ పోయింది.

పోనిది ఒక్కటే, వేడి. సినిమా కెమెరాకి ఫ్యాను ఉంటుంది. చాలా ఫోటో కెమెరాలకి ఉండదు. అరచేతిలో పట్టే పెట్టె, లోపల 4కె, 8కె బొమ్మలు. ఆ వేడి ఎక్కడికి పోతుంది? 2020లో కానన్ ఆర్ 5 వచ్చినప్పుడు 8కె ఏకబిగిన సుమారు 20 నిమిషాలే తీయగలదని తయారీదారులే చెప్పుకున్నారు. అదీ చల్లని గదిలో లెక్క. మావాడు తొమ్మిది గంటల నుంచీ రిహార్సల్సు కూడా సెకండుకి 60 ఫ్రేముల 4కెలో తీస్తూ కూర్చున్నాడు. నల్ల పెట్టె. నెత్తిన ఎండ. ఆగకేం చేస్తుంది?

ఇప్పుడు మేం చేసేదేమిటంటే – కెమెరాకి గొడుగు పడతాం, హీరోకి తర్వాత. రిహార్సలుకి కెమెరా ఆన్ చేయం. స్లోమోషన్ అక్కర్లేనప్పుడు 24 లేక 25 ఫ్రేములే. వెనక తెరని బయటికి విప్పి ఉంచుతాం, పెట్టెకి గాలి తగులుతుంది.

తాగిన తాటిచెట్లు

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీద కారులోంచి ఒక షాటు తీశాం. ఇంటికొచ్చి చూస్తే కరెంటు స్తంభాలూ తాటిచెట్లూ కల్లు తాగినట్టు ఒక పక్కకి ఒరిగిపోయాయి! సెన్సారు బొమ్మను ఒక్కసారిగా పట్టుకోదు, పైవరసలోంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. అది కిందికి వచ్చేలోపు కారు ముందుకు పోతుంది. ఇదే రోలింగ్ షట్టరు. ఫ్రేమంతా ఒకేసారి పట్టే పెద్ద సెన్సారు కెమెరాను 2023లో సోనీ ఎ 9 మార్క్ 3గా ప్రకటించింది గానీ, అందరి చేతుల్లో ఉన్నవి ఆ రకం కావు. మందేమిటి? పానింగ్ నిదానంగా చేయడమే.

వలలతో మరో చిక్కు. పాత డి.ఎస్.ఎల్.ఆర్.లు వీడియో కోసం సెన్సారు మీద కొన్ని వరసలు వదిలేసి చదివేవి. ఆరేసిన వల, గళ్ళ లుంగీ, పెంకుటిల్లు – ఇలాంటి సన్నని గీతలేవి కనపడినా వాటి మీద లేని రంగులు పురుగుల్లా పాకేవి. కొల్లేటిలో వల లేకుండా ఫ్రేమెక్కడ పెడతాం చెప్పండి? వలను కాస్త ఫోకస్ తప్పించి, మనిషిని ఫోకస్‌లో పెట్టుకున్నాం.

మూడోది రంగుల లెక్క. 8 బిట్ కెమెరాలో ఒక్కో రంగుకీ 256 మెట్లు. 10 బిట్‌లో 1024. తెల్లవారుజాము ఆకాశాన్ని 8 బిట్‌లో తీసి, తర్వాత రంగులు దిద్దబోతే నున్నగా ఉండాల్సిన ఆకాశం అంచు చీరలా చారలు పడుతుంది. కొనేటప్పుడు “8కె ఉందా?” అని కాదు, “10 బిట్ ఉందా?” అని అడగండి.

కళ్ళద్దాలు పెట్టాలి

కదలిక సహజంగా కనపడాలంటే 24, 25 ఫ్రేములకి షట్టరు సెకండులో 50వ వంతు ఉండాలి. మిట్టమధ్యాహ్నం ఐ.ఎస్.ఓ. 100 పెట్టినా ఆ షట్టరుకి లెన్సు ఎఫ్ 22 దాకా మూయాలి. అప్పుడు వెనకాల మంచూ ఉండదు, సినిమా లుక్కూ ఉండదు. ఎఫ్ 2.8 కావాలంటే ఆరు స్టాపులు తగ్గించాలి. అంటే వచ్చే వెలుగులో 64వ వంతే లోపలికి రానివ్వాలి. సినిమా కెమెరాలు చాలావాటిలో ఆ నల్ల ఫిల్టరు లోపలే ఉంటుంది. వీటికి ఎన్.డి. ఫిల్టరు విడిగా కొని లెన్సుకి తొడగాలి. మావాడు ఆ ఖర్చు మిగిల్చి షట్టరు వేగం పెంచేశాడు. తాత చేయి ఊపితే తోలుబొమ్మలా టకటకలాడింది!

మరి ఇంట్లో? గూడెంలో ఒక గదిలో ట్యూబ్‌లైటు కింద తీసిన సీను మొత్తం గోడల మీద నల్ల చారలు. మన కరెంటు 50 సైకిళ్ళది. కెమెరా 30 ఫ్రేముల్లో, 60వ వంతు షట్టరులో ఉంది. మెనూలో పాల్ పద్ధతికి మార్చి, 50వ వంతు పెట్టగానే చారలు మాయం. పైసా ఖర్చు లేని వైద్యం, తెలియక ఒక రాత్రి వృథా.

చెవిటి కెమెరా

అన్నిటికన్నా పెద్ద లోటు చెవి. ఈ కెమెరాల మైకు మన మాటకన్నా లెన్సు మోటారు గొణుగుడూ గాలి హోరూ బాగా వింటుంది. నిశ్శబ్దం వస్తే తనంతట తనే శబ్దం పెంచేసుకుని ‘బుస్’మంటుంది. 5డి మార్క్ 2కి హెడ్‌ఫోను పెట్టుకునే చిల్లు కూడా లేదు. అందుకని మొదటి రోజే మావాడితో పోట్లాడాను.

“కొత్త లెన్సు తర్వాత కొనుక్కోవచ్చురా. ముందు చిన్న రికార్డరూ, చొక్కాకి పెట్టే మైకూ తే.”

“మీ కాలం మనిషివి మావయ్యా! డబ్బింగు చెప్పిద్దాంలే” అన్నాడు.

“తాత చేత రెండోసారి ఆ గొంతు ఎవడు తెప్పిస్తాడు?” అన్నాను. సణుక్కుంటూనే తెచ్చాడు. షాటుకి ముందు క్లాపు కొట్టించాను, తర్వాత బొమ్మనీ మాటనీ కలుపుకోవడానికి.

మళ్ళీ ఆ గట్టు మీదికి

కెమెరాకి తడిగుడ్డ దగ్గరగా పట్టి, నీడలో పెట్టి, గంట తర్వాత రెండో టేకు తీశాం. తాత పాపం అన్ని మాటలూ అప్పజెప్పాడు. కన్ను మాత్రం చెమర్చలేదు. మావాడి మొహం చూసి ఆయనే అన్నాడు: “ఏమనుకోకండి బాబూ. ఏడుపు బొత్తాం నొక్కితే వచ్చేది కాదండీ.”

ఆ రాత్రి మేనల్లుడు అన్నం తినలేదు. గొలుసు గురించి మేమిద్దరమూ మాట్లాడుకోలేదు. ఊరికే కూర్చోలేక నేను రికార్డరు విన్నాను. తాత మాట, గొంతు జీర, చివర ఆ మౌనం, అందులో గూడబాతు రెక్కల చప్పుడు – మొదటి టేకు మొత్తం అందులో ఉంది! కెమెరా కన్ను మూసింది గానీ, చెవి తెరిచే ఉంది.

ఎడిటింగులో బొమ్మ ఆగినంతవరకూ తాత మొహం ఉంచాం. అక్కణ్ణుంచి ఆయన మాట మీద ఖాళీ దోనె, కదలని నీళ్ళు, కూలిన గట్టు. రేలంగి గారు సినిమాహాలు కట్టుకున్న తాడేపల్లిగూడెంలోనే, ఒక చిన్న హాల్లో ఓ యాభైమందికి వేసి చూపించాం. తాత మొహం తెర మీంచి పోయి నీళ్ళు వచ్చినప్పుడు దగ్గినవాడు లేడు. “ఆ ఐడియా భలే ఉందండీ డైరెక్టరుగారూ” అని ఒకాయన మావాడి చేయి పట్టుకున్నాడు. వాడు నా వైపు చూశాడు. నేను పైకప్పు చూశాను.

ఇది చిన్న కెమెరాలను తిట్టడానికి రాసింది కాదు. 2023లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘ది క్రియేటర్’కి 8 కోట్ల డాలర్లు ఖర్చయింది. దాన్ని చాలావరకూ సోనీ ఎఫ్.ఎక్స్. 3తో తీశారు. అదీ ఈ మిర్రర్‌లెస్ కుటుంబం బిడ్డే, కాకపోతే ఫ్యాను ఉన్న బిడ్డ. అక్కడ కెమెరా చిన్నదే గానీ లెన్సూ, విడి రికార్డరూ, వెనకాల తల పండిన ఛాయాగ్రాహకులూ చిన్నవేమీ కాదు.

గొలుసు సంగతి అడుగుతారా? పెళ్ళిళ్ళ సీజన్లో అదే కెమెరాతో పదకొండు పెళ్ళిళ్ళు తీసి విడిపించాడు. ఇప్పుడు రెండో సినిమా అంటున్నాడు. కొత్త కెమెరా కొంటావా అంటే తల అడ్డంగా ఊపాడు.

“లేదు మావయ్యా. పెద్ద గొడుగు కొంటాను!”