నాలుగు చేలున్నా వరద ఒక్కటే

ఎంకాం చదువుతున్న మా పాత విద్యార్థిని ఒకామె సెలవులకు పెర్మిలి వచ్చి, పుస్తకం మా ముందు పెట్టింది. ‘‘పోర్ట్‌ఫోలియో థియరీ అంట సార్. మరాఠీలో చెప్పినా, ఇంగ్లిషులో చెప్పినా తలకెక్కుతలేదు. వేరే సబ్జెక్టు తీసుకుంటా’’ అంది. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల. మా చదువే ఆమెకు అడ్డమైందా అని మాకు బాధేసింది. పుస్తకం తిరగేస్తే తేలిందేమంటే, అందులోని అసలు సంగతి ఆమె ఇంట్లో అందరికీ తెలిసినదే.

మన దగ్గర రైతు ఉన్నదంతా ఒక్కదాని మీదే పెట్టడు. కొంత వరి, కొంత పత్తి, ఎండాకాలంలో ఇప్పపువ్వు, తునికాకు. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుందని. ఈ జాగ్రత్తను లెక్కగా మార్చినవారు హ్యారీ మార్కోవిట్జ్. షికాగో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నప్పుడు, 1952లో ఆయన రాసిన వ్యాసం ఈ సిద్ధాంతానికి పునాది. 1990లో ఆయనకు మెర్టన్ మిల్లర్, విలియం షార్ప్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఎక్కువ రకాలు ఉంటే చాలని ఆయన అనలేదు. అవి కలిసి పడతాయా, విడివిడిగా పడతాయా చూడమన్నారు. ఒక లెక్క వేద్దాం. వానలున్న ఏడు ఒక పంటలో నూటికి 20 లాభం, రెండోదానిలో 10 నష్టం. వానలు లేని ఏడు అది తిరగబడుతుంది. సగం సగం వేస్తే ఏ ఏడైనా నూటికి 5 మిగులుతుంది. అదే రెండు పంటలూ ఒకే ఏడు లాభపడి, ఒకే ఏడు నష్టపోతే సగం సగం వేసినా ఒరిగేదేమీ లేదు. 2022 జులైలో గోదావరి, ప్రాణహిత పొంగినప్పుడు సిరొంచ వైపు ఒడ్డున వరి వేసిన చేనూ మునిగింది, పత్తి వేసిన చేనూ మునిగింది.

పెద్ద బ్యాంకులూ ఇక్కడే దెబ్బతిన్నాయి. అమెరికాలో వేల ఇళ్ల అప్పులను ఒక్క మూటగా కట్టి, అన్నీ ఒకేసారి మునగవులే అనుకున్నారు. ఇళ్ల ధరలు దేశమంతా పడిపోయాయి. 2008లో లేమన్ బ్రదర్స్ కూలింది. మన దేశంలో రిజర్వ్ బ్యాంకు అంతకుముందే, 2005, 2006లలో, వాణిజ్య స్థిరాస్తి అప్పుల మీద బ్యాంకులు మరింత సొంత మూలధనం ఉంచుకునేలా నిబంధన బిగించింది. అప్పటి గవర్నర్ కడప జిల్లాకు చెందిన వై.వి.రెడ్డి. రిస్క్ మేనేజ్‌మెంట్ అంటే ఇదే: వరద రాకముందే కట్ట చూసుకోవడం.

ఇక మాటల సంగతి. స్టాండర్డ్ డీవియేషన్ తెలుగులో క్రమవిచలనం, మరాఠీలో ప్రమాణ్ విచలన్. కోరిలేషన్ రెండు భాషల్లోనూ సహసంబంధమే. ఈ రెండూ పట్టుబడితే సగం పుస్తకం వచ్చినట్టే. అందుకే పదకొండు, పన్నెండు తరగతుల్లో సాంఖ్యక శాస్త్రాన్ని వదలొద్దని మా పిల్లలకు చెబుతున్నాం. మూడు భాషల మాటలు పక్కపక్కన రాసుకునే నోటుబుక్కు ఒకటి బడిలో మొదలుపెట్టాం.

ఈ చదువు ఉద్యోగానికే కాదు. ఏడాదిలో డబ్బు రెట్టింపు చేస్తామని గుమ్మం ముందుకొచ్చే వాణ్ని ‘మరి నష్టమొస్తే?’ అని అడగగలిగే మనిషి ప్రతి ఇంట్లో ఉండాలి.

ఆమె సబ్జెక్టు మార్చుకోలేదు. వెళ్లేముందు మా నోటుబుక్కులో ఇంకో పదకొండు మాటలు రాసిపెట్టి పోయింది.