విజిట్ వీసా: బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అధికారులు ఏం చూస్తారు?

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట నుంచి పిల్లలు లండన్, అమెరికా వెళ్లి స్థిరపడుతున్నారు. కాన్పుకో, పెళ్లికో అమ్మీ-అబ్బాను పిలిపించుకోవాలంటే విజిట్ వీసా కావాలి. చాలా కుటుంబాలు ఇబ్బంది పడేది ఇక్కడే. "అకౌంట్‌లో పది లక్షలు చూపిస్తే చాలు, వీసా వచ్చేస్తుంది" అని ఎవరో ఒకరు చెప్తారు. బంధువుల దగ్గర తెచ్చి వారం ముందు జమ చేస్తారు. ఆ జమే అనుమానానికి కారణం అవుతుంది.

బ్రిటన్, అమెరికా విజిట్ వీసాలకు ఇంత బ్యాలెన్స్ ఉండాలని స్థిరమైన లెక్క ఏదీ లేదు. అధికారి చూసేవి మూడు: ప్రయాణ ఖర్చుకు డబ్బు సరిపోతుందా, అది మీకు ఎలా వచ్చింది, మీరు తిరిగి ఇండియాకు వస్తారా. నెలకు 25 వేలు తిరిగే అకౌంట్‌లో ఒక్కసారిగా ఎనిమిది లక్షలు పడితే రెండో ప్రశ్నకు జవాబు ఉండదు. యూరప్ షెంగెన్ దేశాల పద్ధతి వేరు. రోజుకు ఇంత అని లెక్క ఉంటుంది, జర్మనీకి 45 యూరోలు. 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి.

సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించేవాళ్లకు ఇంకో సమస్య. వ్యవసాయ ఆదాయంపై ఆదాయపు పన్ను లేదు కాబట్టి చాలామంది రిటర్న్ వేయరు. అలాంటివారు పట్టాదారు పాస్‌బుక్, ధాన్యం అమ్మిన తక్‌పట్టీలు, కొనుగోలు కేంద్రం నుంచి బ్యాంకులో పడిన సొమ్ము, మీసేవ ద్వారా తీసుకున్న ఆదాయ ధ్రువీకరణ పత్రం చూపవచ్చు. షాపు ఉంటే జీఎస్టీ, ట్రేడ్ లైసెన్స్, అద్దె వస్తుంటే అగ్రిమెంట్ పెట్టాలి. తెలుగు, ఉర్దూ కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయాలి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ లేకపోతే వీసా రాదనే మాట నిజం కాదు. వడ్డీ వద్దనుకునే కుటుంబాలు సేవింగ్స్ లేదా కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్ ఇవ్వవచ్చు. కనీసం ఆరు నెలలది సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.

ఖర్చు కొడుకే పెట్టుకుంటే ఆ మాట దాచొద్దు. అతని ఆహ్వాన లేఖ, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, అక్కడ ఉండే అనుమతి పత్రం, మీ బంధుత్వానికి రుజువు పెట్టండి. బ్రిటన్ నిబంధనలు దీన్ని ఒప్పుకుంటాయి. అమెరికా విషయంలో మాత్రం కొడుకు సంపాదన కంటే మీకు ఇక్కడున్న ఇల్లు, పొలం, వ్యాపారం, కుటుంబ బాధ్యతలే ముఖ్యం. తిరిగి వస్తారన్న నమ్మకం కలగకపోతే 214(బి) కింద తిరస్కరిస్తారు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లేవారు అడిగినదానికి సూటిగా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

అన్న ఇచ్చిన డబ్బో, స్థలం అమ్మిన డబ్బో నిజంగానే పెద్ద మొత్తంలో వస్తే భయం అక్కర్లేదు. బ్యాంకు ద్వారానే తీసుకోండి. గిఫ్ట్ డీడ్ లేదా సేల్ డీడ్ కాపీతో పాటు చిన్న వివరణ లేఖ పెట్టండి. ఖర్జ్ అయితే ఖర్జ్ అనే రాయండి. అప్పు 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం సాధారణంగా ఆదాయపు పన్ను చట్టానికే విరుద్ధం.

కమీషన్ తీసుకుని "బ్యాలెన్స్ చూపిస్తాం" అనేవాళ్ల జోలికి వెళ్లొద్దు. నకిలీ స్టేట్‌మెంట్ దొరికితే బ్రిటన్ పదేళ్లు రానివ్వదు. అమెరికాలో తప్పుడు వివరాలతో వీసాకు ప్రయత్నిస్తే జీవితాంతం నిషేధం పడొచ్చు. వీసా రాకపోతే పోయేది ఫీజే, కాగితాలు సరిచేసుకుని మళ్లీ అప్లై చేయవచ్చు. నిషేధం పడితే మాత్రం మనవడిని చూడాలన్నా ఆ దేశం వెళ్లే దారి ఉండదు.