సైకిలుకు రెండు లక్షలా?
హైటెక్ సిటీ నుంచి పల్లెకు వస్తున్న కొత్త ప్రశ్న

హైటెక్ సిటీ: డబుల్ బారు సైకిలుకు రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకొని తెల్లవారకముందే పట్నం చేరిన తరం మన పల్లెల్లో ఇంకా ఉంది. వారి కొడుకులు, మనుమలు నేడు మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో కంప్యూటర్ల ముందు కూర్చొని ఉద్యోగాలు చేస్తున్నారు. విచిత్రమేమంటే, తాతలు బతుకుతెరువు కోసం తొక్కిన సైకిలును వారిప్పుడు ఒళ్ళు కరిగించుకోవడం కోసం తొక్కుతున్నారు.

ఆదివారం తెల్లవారుజామున నార్సింగి, నానక్‌రామ్‌గూడ వైపు వెళితే వీరు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. తల మీద హెల్మెట్, వంపు తిరిగిన హ్యాండిలు, వేలెడు వెడల్పు టైర్లు. స్టాండు లేదు, క్యారేజి లేదు, మడ్‌గార్డు లేదు. ఒంటి చేత్తో ఎత్తి భుజాన వేసుకోవచ్చు. ఇన్ని లేని ఆ సైకిలు ధర వింటే మాత్రం ఇంట్లో పెద్దలు ఉలిక్కిపడతారు. కార్బన్ ఫ్రేముతో వచ్చే రేసు సైకిలుకు లక్షన్నర, రెండు లక్షలు మామూలు. పైరకానికి వెళితే పది లక్షలు కూడా దాటుతుంది.

"నాయనా, కార్బన్ సైకిలు కొందామనుకుంటున్నాను" అని కొడుకు ఫోను చేస్తే తండ్రి ఏమనాలి? పిచ్చి ఖర్చని కొట్టిపారేయాలా? వాడి సంపాదన వాడి ఇష్టమని ఊరుకోవాలా? రెండూ తొందరపాటే. లెక్క చూసి చెప్పవలసిన మాట ఇది.

గుట్టల నుంచి సైకిలు బాట దాకా

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి మాదాపూర్ చుట్టుపక్కల రాళ్ళ గుట్టలే ఎక్కువ. తర్వాత పాతికేళ్ళలో అద్దాల మేడలు లేచాయి. 2019 మార్చిలో మెట్రో రైలు హైటెక్ సిటీకి వచ్చింది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. కార్లు పెరిగాయి, సైకిలుకు చోటు తగ్గింది.

ఆ లోటు తీర్చడానికి 2023 అక్టోబరు 1న ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు బాటను ప్రారంభించారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు ఒక దారి, నార్సింగి నుంచి కొల్లూరు వరకు మరొకటి. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైన కప్పుగా సూర్యరశ్మితో కరెంటు తీసే పలకలు వేశారు. ఈ బాట వచ్చాక కొత్తగా సైకిలు పట్టినవారు ఎందరో. ఏడాది తిరక్కుండానే వారిలో చాలామందికి వచ్చే కోరిక ఒకటే - కార్బన్.

నూలు పోగుల సైకిలు

కార్బన్ అనగానే మనకు రశీదు పుస్తకంలో పెట్టే నల్ల కాగితం గుర్తుకు వస్తుంది. ఇది అది కాదు. స్వెటర్లకు వాడే యాక్రిలిక్ జాతి దారాన్ని వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో, గాలి తగలకుండా మాడిస్తే కార్బన్ పోగు తయారవుతుంది. అది తల వెంట్రుకలో పదో వంతు సన్నం. ఆ పోగులను గుడ్డలా పరచి, ఎపాక్సీ అనే జిగురు పట్టించి, అచ్చులో పొరలు పొరలుగా పేర్చి వేడి చేస్తే గట్టి ఫ్రేము వస్తుంది. గడ్డి కలిపిన మట్టి గోడ ఎలా నిలుస్తుందో ఇదీ అంతే. గడ్డి లాగి పట్టుకుంటుంది, మట్టి అంటి పెట్టుకుంటుంది.

ఇనుముకు ఉన్న బరువు దీనికి లేదు, తుప్పు అసలే లేదు. 1986లో అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్ కార్బన్ ఫ్రేము సైకిలు మీద టూర్ డి ఫ్రాన్స్ పోటీ గెలిచాడు. తర్వాత పెద్ద పోటీలన్నిటా ఇదే నిలిచింది. మరీ తేలికైపోకుండా 6.8 కిలోలకు తగ్గరాదని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 2000 నుంచి నియమం పెట్టవలసి వచ్చింది.

రెండు కిలోలు చేసే మేలెంత?

మన పాత సైకిలు ఇంచుమించు 20 కిలోలు. దానితో పోల్చి మురిసిపోరాదు. పోల్చవలసింది అల్యూమినియం రేసు సైకిలుతో. అది సుమారు 10 కిలోలు. కార్బన్‌ది 8 కిలోలు. తేడా రెండు కిలోలు.

తొక్కేవాడు 70 కిలోలనుకుందాం. అల్యూమినియం సైకిలుతో కలిపి 80, కార్బన్‌తో కలిపి 78. అంటే మోసే బరువులో తగ్గింది నూటికి రెండున్నర. అనంతగిరి వంటి గుట్ట ఎక్కడానికి 20 నిమిషాలు పట్టే మనిషికి కలిసివచ్చేది అరనిమిషం. పోటీలో అరనిమిషం పెద్దదే, సందేహం లేదు. ఆదివారం గండిపేట దాకా వెళ్ళి టీ తాగి వచ్చేవాడికి ఆ అరనిమిషం ఎందుకు?

చదును రోడ్డు మీద లాభం ఇంకా తక్కువ. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు మన శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. ఆ గాలికి అడ్డుపడేది సైకిలు కంటే మనిషి ఒళ్ళే. ఒంటికి సరిపోయే కొలత ఫ్రేము తీసుకొని, సీటు, హ్యాండిలు సరిగ్గా అమర్చుకుంటే వచ్చే సుఖం కార్బన్ పేరు చూసి కొంటే రాదు. కొలత కుదరని సైకిలు ఎంత ఖరీదైనా నడుము నొప్పినే ఇస్తుంది.

కిలోమీటరుకు ఎంత పడుతుంది?

రైతు ట్రాక్టరు కొనేముందు ఏడాదికి ఎన్ని గంటలు పని ఉందో చూసుకుంటాడు. ఇక్కడా అదే పద్ధతి. అల్యూమినియం సైకిలు 70 వేలు, కార్బన్‌ది 2 లక్షలు అనుకుందాం. అదనంగా పెట్టేది లక్షా 30 వేలు. అయిదేళ్ళు వాడతాడనుకుందాం.

నెలకు ఒక్క ఆదివారం 40 కిలోమీటర్లు తొక్కితే అయిదేళ్ళకు 2,400 కిలోమీటర్లు. కార్బన్ కోసం అదనంగా పడేది కిలోమీటరుకు 54 రూపాయలు. ఆటో కూడా అంత అడగదు!

వారం వారం 40 కిలోమీటర్లు తొక్కితే, ఏడాదికి 50 వారాల లెక్కన, అయిదేళ్ళకు 10,000 కిలోమీటర్లు. కిలోమీటరుకు 13 రూపాయలు.

వారానికి 150 కిలోమీటర్లు తొక్కేవాడికి 37,500 కిలోమీటర్లు. కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. వీడు కొన్నా తప్పు పట్టలేం.

కాబట్టి తండ్రి మొదట అడగవలసింది "ఎంత?" అని కాదు. "ఉన్న సైకిలు ఏడాదిలో ఎన్ని కిలోమీటర్లు తొక్కావురా?" అని. జవాబు తడబడితే కొనవలసిన సమయం ఇంకా రాలేదన్నమాట. ఇక వాయిదాల మీద, క్రెడిట్ కార్డు మీద కొంటానంటే అసలే వద్దనాలి. సరదాకు వడ్డీ కట్టడం సంసారానికి మంచిది కాదు.

వంగదు, విరుగుతుంది

ఇనుప ఫ్రేము దెబ్బ తగిలితే వంగుతుంది. వంగినట్టు కంటికి కనిపిస్తుంది. ఊళ్ళో వెల్డింగు షాపులో అతికించుకోవచ్చు. కార్బన్ అలా కాదు. వెదురు బొంగు నిలువునా ఎంత లాగినా తట్టుకుంటుంది, పక్క నుంచి గట్టి దెబ్బ తగిలితే చీలుతుంది. కార్బన్ గుణం కూడా ఇంచుమించు అంతే. రాయి మీద పడితే పైన రంగు చెక్కుచెదరకపోయినా లోపల పొరలు విడిపోవచ్చు. ఆ సంగతి తెలియక తొక్కితే ఏదో ఒకనాడు వేగంలో ఉండగా ఫ్రేము తెగుతుంది. పళ్ళు రాలితే అదృష్టమనుకోవాలి.

కార్బన్‌కు కూడా మరమ్మతు ఉంది. కాని అది తెలిసినవారి పని. నెలకోసారి సైకిలు శుభ్రంగా తుడిచి, సన్నని గీతలు, మెత్తబడిన చోట్లు ఉన్నాయేమో చూసుకోవాలి.

పల్లెకు తెచ్చినప్పుడు...

మన పాఠకులు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఇది. కొడుకు పండుగకు సైకిలు తెస్తాడు. లేదా కొత్తది కొని పాతది తమ్ముడికి ఇస్తాడు. అప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పవు.

మొదటిది, బోల్టులు. మన మెకానిక్కు చేయి అలవాటు ప్రకారం "ఇంకో చుట్టు" బిగిస్తాడు. ఇనుముకు అది మంచిదే, కార్బన్‌కు ప్రాణాంతకం. హ్యాండిలు, సీటు బోల్టుల దగ్గర 4, 5, 6 అని అంకెలు ఉంటాయి. అవి న్యూటన్ మీటర్ల లెక్క. అంతే బిగించాలి. అందుకు కొలత చూపే టార్క్ రెంచి అనే పనిముట్టు ఉంటుంది. అది లేకపోతే ఆ బోల్టులను ముట్టుకోకపోవడమే మేలు.

రెండవది, సీటు గొట్టానికి మామూలు గ్రీజు రాయరాదు. జారిపోతుంది. దానికి గరుకు పలుకులున్న పేస్టు వేరే దొరుకుతుంది.

మూడవది, గాలి. చాలా రేసు సైకిళ్ళ వాల్వు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కొసన ఉన్న చిన్న మరను వదులు చేస్తేగాని గాలి ఎక్కదు. మన పంపు పట్టాలంటే చిన్న ఇత్తడి అడాప్టరు కావాలి.

నాలుగవది, బస్సు మీద వేసి తాడుతో బిగించి కట్టరాదు. పైబారు మీద పిల్లలను కూర్చోబెట్టరాదు. యూరియా బస్తా సంగతి చెప్పనే అక్కరలేదు.

పాతది కొనుక్కునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. చాలా కంపెనీలు ఫ్రేముకిచ్చే హామీ మొదట కొన్నవారికే చెల్లుతుంది. రసీదు లేని సైకిలు దొంగ సొత్తు కూడా కావచ్చు.

ముందు కొనవలసినవి

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మంచిదే. మిగిలిన డబ్బు దేనికి పెట్టాలన్నదే ప్రశ్న. తలకు సరిపోయే హెల్మెట్, వెనుక ఎర్ర దీపం, ముందు తెల్ల దీపం, మంచి టైర్లు - ఇవి కార్బన్ కంటే ముందు కొనవలసినవి. ఔటర్ రింగు రోడ్డు ప్రధాన దారిలో సైకిళ్ళకు ప్రవేశం లేదు. పక్కనున్న సర్వీసు రోడ్ల మీద తెల్లవారుజామున లారీలు, కార్లు వేగంగా వస్తాయి. ఎనిమిది కిలోల సైకిలయినా, ఇరవై కిలోల సైకిలయినా లారీకి ఒక్కటే.

దూరప్రయాణ పోటీల్లో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో ముగించాలన్న గడువు ఉంటుంది. ఆ గడువు లోపల ఇనుప ఫ్రేము సైకిళ్ళ మీద చేరుకునేవారూ ఉన్నారు. గడువును గెలిచేది కాళ్ళు, ఓపిక.

కాబట్టి కొడుకు ఫోను చేసినప్పుడు చెప్పవలసిన మాట ఒకటే. "ఉన్నదాని మీద ఏడాది తొక్కు బిడ్డా. వారానికి నూరు కిలోమీటర్లు దాటి, ఇంకా తొక్కాలనిపిస్తే, అప్పు లేకుండా కొనుక్కో. అప్పుడు నేను కూడా వచ్చి చూస్తాను." అప్పటికి వాడి కాళ్ళే జవాబు చెబుతాయి.